రెండు కొండల నడుమ సూర్యుడు

ప్రకృతి బొమ్మ వెయ్యమంటే మక్తల్ పిల్లలు రెండు కొండలు, వాటి నడుమ సూర్యుడు, పక్కన కొబ్బరిచెట్టు వేస్తారు. పత్తిచేను వెయ్యరు. పత్తి ఏరడానికి తల్లివెంట పోయి వారం రోజులు బడి మానిన పిల్ల కూడా వెయ్యదు. ఆ కొబ్బరిచెట్టు మన పాఠ్యపుస్తకాలది, కొంతవరకు మన భావకవిత్వానిది. శ్రమను తుడిచేసి చూపిన ప్రకృతి అది.

ప్రకృతి ఒడిలో చదువు అనే ఆదర్శాన్ని ఈ బొమ్మ పక్కన పెట్టి పరిశీలించాలి. 1816లో రాబర్ట్ ఓవెన్ న్యూ లానార్క్ నూలుమిల్లు కార్మికుల పిల్లలకు బడి పెట్టి, ఆరుబయట చెట్టూ చేమా చూపి చదువు చెప్పించాడు. ఎంగెల్స్ 1880లో ఓవెన్ ప్రభృతులను ఊహాజనిత సోషలిస్టులన్నాడు గాని వెక్కిరించలేదు. మనలో కొందరు ఆ మాటను తిట్టుగా నేర్చుకున్నారు, ఆయన చూపిన గౌరవాన్ని వదిలేశారు.

మదనపల్లె దగ్గర జిడ్డు కృష్ణమూర్తి స్థాపించిన రిషివ్యాలీ బడి బీడుపడిన లోయను చెట్లతో నింపింది. 1991లో ఆ లోయను పక్షుల సంరక్షణ ప్రాంతంగా ప్రకటించారు. చుట్టుపక్కల పల్లెల్లో చిన్న బడులూ నడిపింది. మెచ్చదగ్గ పనే. అయినా ఫీజు కట్టి చదివే పిల్లలకు ఆ లోయ దర్శనీయం, పల్లె పిల్లలకు బతుకుదెరువు. ఈ తేడాను దాటే ప్రయత్నం జహీరాబాద్ ప్రాంతంలో జరిగింది. దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మాచునూరులో నెలకొల్పిన పచ్చసాలెలో సేద్యమూ చేతిపనులూ పాఠాలే. చిరుధాన్యాలు పండించే దళిత మహిళల జ్ఞానానికి అక్కడ పీట వేశారు. ఊహాలోకమంటే ఇలా నేలమీద మొదలుకావాలి.

వాతావరణం మారుతున్న కాలంలో ఈ జ్ఞానం అలంకారం కాదు. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే సుమారు 7 శాతం ఎక్కువ తేమను మోయగలదు. అందుకే ఎండకాలం ముదురుతూనే, పడ్డ వాన కుండపోతవుతున్నది. ఒక్క ఏడాదిని దానికే ముడిపెట్టలేం గాని, 2009ని పాలమూరు మరువదు: నైరుతి ముఖం చాటేసిన ఏడే, అక్టోబరులో కృష్ణ పొంగి ఊళ్లను ముంచింది.

నిరుడు ఆ పిల్లనే లేపి, పత్తి ఎన్నిసార్లు ఏరుతారని అడిగాను. క్లాసు నవ్వింది. "మూడుసార్లు సార్. నడుమ వాన కొడితే రెండే. తడిసిన పత్తికి ధర రాదు" అన్నది. అందరిచేతా నోటుబుక్కులో రాయించాను. పరీక్షలో దానికి మార్కులు లేవు.