రహస్యంగా అడిగిన రాజు

యెరూషలేమును కల్దీయుల సైన్యం ముట్టడించింది. పట్టణంలో రొట్టెలు కూడా కరువయ్యాయి. అలాంటి వేళ సిద్కియా రాజు యిర్మీయా ప్రవక్తను మందిరపు మూడో ద్వారం దగ్గరకు రహస్యంగా పిలిపించి, ఏదీ దాచకుండా చెప్పమన్నాడు. లొంగిపోతే నీ కుటుంబం బతుకుతుంది, పట్టణం కాలిపోదు అని ప్రవక్త సూటిగా చెప్పాడు. రాజుకు ఆ మాట అర్థమైంది. కానీ శత్రువు పక్షం చేరిన యూదులు తనను అవమానిస్తారేమోనని భయపడ్డాడు. ఈ సంభాషణ ఎవరికీ తెలియనివ్వవద్దని హెచ్చరించి పంపేశాడు (యిర్మీయా 38:14-24).

సిద్కియాకు నిజం తెలియక కాదు, దాన్ని నలుగురిలో ఒప్పుకునే ధైర్యం లేదు. యిర్మీయాను చంపాలన్న అధిపతులకు అడ్డుచెప్పలేనన్నాడు. ఎబెద్మెలెకు వచ్చి మొరపెట్టుకోగానే ముప్పైమందిని వెంటబెట్టుకెళ్లి ప్రవక్తను గోతిలోంచి తీయమన్నాడు. ఎవరొస్తే వారి మాటే! యుద్ధం ఆపాలో వద్దో రాజు తేల్చుకోలేదు. చివరికి పట్టణం కాలిపోయింది. తన కుమారుల మరణమే ఆయన కళ్లు చూసిన ఆఖరి దృశ్యమైంది (యిర్మీయా 39:6-8).

మన సోమాజిగూడ, పంజగుట్ట పరిసరాలకూ ఇలాంటి కథ తెలుసు. 2004 అక్టోబరులో వై.ఎస్.రాజశేఖరరెడ్డి ప్రభుత్వం నక్సలైట్లను చర్చలకు పిలిచింది. అడవి నుంచి వచ్చిన నాయకులకు మంజీరా అతిథిగృహంలో బస ఇచ్చారు. జనం వినతిపత్రాలతో అక్కడ బారులు తీరారు. హోంమంత్రి జానారెడ్డి సారథ్యంలో 15 నుంచి 18 వరకు చర్చలు జరిగాయి. ఆయుధాల సంగతి మాత్రం తేలలేదు. చర్చలకు తలుపులు తెరిచే ఉన్నాయన్న మాట ఒకవైపు, అడవిలో కాల్పులు మరోవైపు. అటువైపు వారూ తుపాకీ దించలేదు. 2005 జనవరిలో నక్సలైట్లు చర్చల నుంచి తప్పుకున్నారు. ఆగస్టు 15న నారాయణపేటలో ఎమ్మెల్యే చిట్టెం నర్సిరెడ్డినీ, ఆయన కుమారుడినీ, మరికొందరినీ కాల్చి చంపారు. రెండు రోజులకే నిషేధం తిరిగొచ్చింది.

ఆ చర్చల వెనుక పంజగుట్టలో నిరాడంబరంగా జీవించిన ఎస్.ఆర్.శంకరన్ గారి శ్రమ ఉంది. 1987లో గుర్తేడు దగ్గర నక్సలైట్లు అపహరించిన ఐఏఎస్ అధికారుల్లో ఆయనొకరు. అయినా ఆయన పగ పెంచుకోలేదు. ప్రభుత్వానికీ, నక్సలైట్లకూ ఒకే మాట చెప్పారు, బహిరంగంగా చెప్పారు: హింస ఆపండి, మాట్లాడుకోండి.

ఇరవై ఏళ్ల తర్వాత, 2025 ఏప్రిల్‌లో, ఆపరేషన్ కగార్ ఆపించాలని కోరుతూ శాంతి చర్చల కమిటీ ముఖ్యమంత్రి రేవంత్‌రెడ్డిని కలిసింది. నక్సలిజాన్ని సామాజిక కోణంలో చూస్తామని, సీనియర్లతో చర్చించి నిర్ణయం చెబుతామని ఆయన అన్నారు. మరునాడే జానారెడ్డిని కలిశారు. ఆ మాటల్లో సానుభూతి ఉంది. కానీ యుద్ధం ఆపమని కేంద్రాన్ని గట్టిగా అడుగుతారా, లేదా అన్నది ఆనాడు విన్నవారికి స్పష్టం కాలేదు. నెల తిరక్కుండానే, మే 21న, నారాయణపూర్ అడవుల్లో శ్రీకాకుళం బిడ్డ నంబాల కేశవరావు సహా 27 మంది మావోయిస్టులు మరణించారు. ఒక జవాను కూడా ప్రాణం కోల్పోయాడు. ఏ పక్షం బిడ్డ పోయినా తల్లి కన్నీటికి రంగు ఉండదు.

నాయకులను వేలెత్తి చూపడం తేలికే. కానీ మన సంఘాల్లో సిద్కియాలు లేరా? పాస్టరుగారి చెవిలో 'మీరే న్యాయం' అంటాం, కమిటీ మీటింగులో నోరు విప్పం. అన్నదమ్ముల ఆస్తి తగాదాలో ఇద్దరి ఇళ్లలోనూ భోంచేసి ఇద్దరికీ వంతపాడతాం. దానికి 'శాంతి' అని పేరు పెట్టుకుంటాం. అది శాంతి కాదు, భయం! అవునన్నది అవునుగా, కాదన్నది కాదుగా ఉండాలన్నాడు ప్రభువు (మత్తయి 5:37).

గెత్సేమనేలో ఆయన ఎలా చేశాడో చూడండి. తనను పట్టుకోవడానికి వచ్చినవారి ఎదుటే, తన సొంత శిష్యుడినే కత్తి ఒరలో పెట్టమన్నాడు (మత్తయి 26:52). శత్రువు పక్షాన వచ్చిన దాసుని చెవిని తాకి స్వస్థపరిచాడు (లూకా 22:51). తనవారు నొచ్చుకుంటారని వెనుకాడలేదు, ఎదుటివారు లోకువ కడతారని జంకలేదు. సిద్కియా చాటుగా అడిగిన సమాధానాన్ని, యేసు అందరి ముందూ జీవించి చూపించాడు.

అధికారుల కోసం ప్రార్థించడం మన బాధ్యత (1 తిమోతి 2:1-2). ఈ ఆదివారం వారికి ధైర్యమివ్వమని అడుగుదాం. అదే ధైర్యం ముందు మనకూ ఇవ్వమని మోకరిద్దాం.