పిల్లకాకికి ఏం తెలుసు?

“పిల్లకాకికేం తెలుసు ఉండేలు దెబ్బ?” అని మన పెద్దలు సామెత చెబుతారు. ఇంట్లో ఆ మాట ముద్దుగానే వుంటుంది. పనిచేసేచోట అదే మాట జీతపు లెక్కలోకి దిగితే మాత్రం అది ముద్దు కాదు, అన్యాయం.

నా దగ్గర చదివి డిగ్రీ పుచ్చుకున్న కుర్రవాడొకడు కరీంనగర్‌లో ఓ బట్టల దుకాణంలో చేరాడు. పక్కనున్న నడివయసు గుమాస్తా జీతంలో వీడికి సగం. ఏడాది గడిచాక అడిగితే, “పెండ్లా, పిల్లలా? నీకంత జీతమెందుకోయ్?” అన్నాడట యజమాని. “సార్, నేను కొలిస్తే మీటరు పొట్టిదవుతుందా?” అని వాడు నన్నడిగాడు. నా దగ్గర జవాబు లేకపోయింది.

ఇది ఒక్క దుకాణదారుడి బుద్ధి అనుకోవటానికి వీల్లేదు. 1948 నాటి కనీస వేతనాల చట్టమే పెద్దలకొక రేటు, 18 నిండని కుర్రవాళ్లకొక రేటు నిర్ణయించటానికి వీలిచ్చింది. మతం, కులం, లింగం, పుట్టిన చోటు కారణంగా వివక్ష చూపరాదన్న మన రాజ్యాంగంలోని 15, 16 అధికరణాల్లో వయసు మాట కనిపించదు. అమెరికాలో 1967లో వచ్చిన చట్టం 40 ఏళ్లు నిండినవారికే రక్షణ. పెద్దవారికి ఎక్కువ మేలు చేశారని చిన్నవారు ఆ చట్టం కింద ఫిర్యాదు చేయజాలరని అక్కడి సుప్రీంకోర్టు 2004లో తేల్చింది. ఐరోపా సమాజం మాత్రం 2000లో చేసిన శాసనంలో చిన్నా పెద్దా అందరినీ కలుపుకున్నది.

అయితే వయసు లెక్క ప్రతిచోటా తప్పేనా? కాదు. మన గోదావరిఖని, మందమర్రి, బెల్లంపల్లి బొగ్గుబాయిల సంగతే చూడండి. శిక్షణలో వున్నవారు తప్ప 18 నిండనివారు గని పనికి పోరాదన్నది 1952 నాటి గనుల చట్టానికి 1983లో జరిగిన సవరణ. అది వివక్ష కాదు, ప్రాణరక్షణ.

సింగరేణిలో కొత్తగా చేరినవాడు బదిలీ వర్కరు. అంటే, రానివాడి బదులు దిగేవాడన్నమాట. ఏడాదిలో భూగర్భంలో 190 మస్టర్లు, పైన అయితే 240 నిండితే జనరల్ మజ్దూర్ అవుతాడు. ఆ నియమంలో కష్టం వున్నది. కాని అది లెక్కపెట్టేది పనిరోజులను, మీసాలను కాదు. నలభై ఏట చేరినవాడికీ, ఇరవై ఏట చేరినవాడికీ అదే లెక్క. అనుభవానికి విలువ కట్టటం వేరు, నెరసిన వెంట్రుకకు విలువ కట్టటం వేరు.

పైగా, ఏ పనిలోనూ అనుభవం ఒకవైపే వుండదు. తట్టా చెమ్మస్‌తో బొగ్గు నింపిన తండ్రికి పైకప్పు చప్పుడు తెలుసు. ఐటీఐ చదివిన కొడుక్కి యంత్రం చప్పుడు తెలుసు. బాయి దిగాక ఇద్దరి చెవులూ కావాలి.

మన ఇండ్లలోనూ కుర్రవాడి మొదటి ఉద్యోగం గురించి “ఎంతిస్తే అంత పుచ్చుకో, నేర్చుకుంటావు” అని మనమే నచ్చజెబుతాం. నేర్చుకునే రోజులకు హద్దుండాలి గదా! ఎన్నాళ్లు శిక్షణ, ఆ తరువాత ఎంత జీతం అని చేరేముందే అడగమని చెబుదాం. మన దగ్గర పనిచేసే పిల్లలకూ అదే న్యాయం పాటిద్దాం.

పిల్లకాకికి ఉండేలు దెబ్బ తెలియకపోవచ్చు. ఆ ఉండేలు పెద్దల చేతిలో వుండకూడదు.