ఆ కవలల పాటంటే నాకెందుకంత ఇష్టం?

రాక్ సంగీతం అనగానే జుట్టు విరబోసుకుని గిటార్లతో గంతులేసే మగపిల్లలే గుర్తొస్తారు. 'అబ్బ, ఆ హోరు మనకెందుకులే' అని టీవీ కట్టేసేవాళ్ళు మనలో చాలామందే వుంటారు. ఆ హోరు మధ్యలోనే, అరవై దాటిన ఇద్దరు కవలలు పక్కపక్కన నిలబడి గిటార్లు వాయిస్తూ పాడుతున్నారంటే నమ్ముతారా? వాళ్ళే కిమ్ డీల్, కెల్లీ డీల్. అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో, విమానం కనిపెట్టిన రైట్ సోదరుల ఊరు డేటన్ వుంది కదా, వీళ్ళదీ ఆ ఊరే. వీళ్ళ బ్యాండు పేరు 'ది బ్రీడర్స్'. ఈ బ్యాండంటే నాకు వల్లమాలిన అభిమానం. పాటలు బావుంటాయి కాబట్టి అనేది సగం జవాబే. మిగతా సగం వాళ్ళ బతుకులో వుంది.

అరువు గిటార్‌తో మొదలు

1961లో పుట్టిన ఈ అక్కాచెల్లెళ్ళు చిన్న వయసులోనే జంటగా పాడేవారు. 1986లో కిమ్ బోస్టన్ నగరంలో వుండగా, 'బేస్ గిటార్ వాయించేవాళ్ళు కావాలి' అన్న పత్రికా ప్రకటన చూసి వెళ్ళింది. తీరా చూస్తే ఆమె దగ్గర బేస్ గిటారే లేదు! కెల్లీ దగ్గరున్నది అడిగి తెచ్చుకుంది. అలా చేరిన 'పిక్సీస్' బ్యాండుకి చాలా పేరొచ్చింది. కాకపోతే అందులో పాటలు ఎక్కువగా రాసేదీ, పాడేదీ ఇంకొకరు. తన పాటలకంటూ ఓ చోటు కావాలనిపించి, టానియా డానెలీ అనే మరో గాయనితో కలిసి కిమ్ బ్రీడర్స్‌ని మొదలుపెట్టింది. తొలి ఆల్బమ్ 'పాడ్' 1990లో లండన్‌లోని ఫోర్ ఏడీ అనే చిన్న కంపెనీ ద్వారా వచ్చింది. పెద్ద కంపెనీల అదుపులో లేకుండా, తమకు తోచిన తీరులో సాగే ఇలాంటి సంగీతాన్నే 'ఇండీ' అంటారు.

1992లో కెల్లీ కూడా వచ్చి చేరింది. అప్పటికి ఆమెకు ముప్ఫై దాటాయి. కంప్యూటర్ ఉద్యోగం చేసుకుంటూ వుండేది. గిటార్ అంతంతమాత్రమే వచ్చు. అయినా ఉద్యోగం వదిలేసి, బ్యాండులో వాయిస్తూనే నేర్చుకుంది. 'ఈ వయసులో ఇప్పుడేం నేర్చుకుంటాం' అని ఎవరైనా నిట్టూరిస్తే నాకు వెంటనే కెల్లీ గుర్తొస్తుంది.

మరుసటి ఏడే, 1993లో, 'లాస్ట్ స్ప్లాష్' ఆల్బమ్ వచ్చింది. ఒక్క అమెరికాలోనే 10 లక్షల ప్రతులు దాటింది. అందులోని 'క్యానన్‌బాల్' పాట రేడియోల్లో, టీవీల్లో మోగిపోయింది. ఆ పాట మొదట్లో వచ్చే బేస్ గిటార్ స్వరం తమాషాగా వుంటుంది. ఇంగ్లండ్ అమ్మాయి జోసెఫీన్ విగ్స్ పొరపాటున వేరే స్వరం మీద మొదలుపెట్టి, తర్వాత సరైన చోటికి జారింది. అదే బావుందని అలాగే వుంచేశారు. వంటలో పొరపాటున పడిన దినుసే రుచైనట్టు!

పేరు వెంటే కష్టం

అంత పేరొచ్చాక ఏ బ్యాండైనా వెంటనే ఇంకో ఆల్బమ్ తెస్తుంది. వీళ్ళ తర్వాతి ఆల్బమ్‌కి తొమ్మిదేళ్ళు పట్టింది. కెల్లీ మత్తుమందుకు అలవాటు పడి కేసులో ఇరుక్కుంది. మిన్నెసోటా రాష్ట్రంలో చికిత్స తీసుకుంది. కిమ్ కూడా తాగుడుతో ఇబ్బందిపడి, ఆమె కూడా చికిత్సతోనే బయటపడింది. ఇదేమీ గొప్పగా చెప్పుకునే సంగతి కాదు. కానీ ఆ కష్టంలో అక్కాచెల్లెళ్ళు ఒకరినొకరు వదిలేసుకోలేదు. 2002లో 'టైటిల్ టీకే' ఆల్బమ్‌లో మళ్ళీ ఇద్దరి గొంతులూ కలిసి వినిపించాయి. తర్వాత కెల్లీ ప్రయాణాల్లో ఊలుతో సంచులు అల్లుతూ, ఆ అల్లికల మీద 2008లో ఏకంగా ఒక పుస్తకమే తెచ్చింది. రాక్ గిటారిస్టు రాసిన అల్లికల పుస్తకం!

అమ్మ దగ్గరే వుండి

నాకు అన్నిటికన్నా మనసుకు హత్తుకున్నది ఇది. వాళ్ళమ్మకు అల్జీమర్స్ వచ్చింది. పెద్ద నగరాల వెలుగులు వదిలి కిమ్ డేటన్‌లోనే వుంటూ అమ్మను చూసుకుంది. ఒకరోజు నడవాలో ఎదురొచ్చిన కూతుర్ని ఆ తల్లి 'నువ్వు మా పిల్లవేనా?' అన్న అర్థంలో అడిగిందట. మతిమరుపు వచ్చిన పెద్దవాళ్ళకు సేవ చేసినవాళ్ళకు తెలుసు ఆ ప్రశ్న ఎంత కోస్తుందో. పోల్చుకోలేకపోయినా, ఆ ప్రశ్నలో ప్రేమ మాత్రం మిగిలే వుంది. కిమ్ దాన్ని 'ఆర్ యూ మైన్?' అనే పాటగా మలిచింది. పైకి వింటే మామూలు ప్రేమపాటలా వుంటుంది. సంగతి తెలిశాక వింటే కళ్ళు చెమరుస్తాయి. 2020లో ఆ తల్లి పోయింది. ఆ పాట వున్న కిమ్ తొలి సొంత ఆల్బమ్ 2024 నవంబర్‌లో వచ్చింది. అప్పటికి ఆమె వయసు 63!

ఇంటి బాధ్యతలు మీద పడితే ఆడదాని కళ అంతటితో సరి అంటారు. నిజమే, చాలామంది విషయంలో అలాగే జరుగుతోంది. చూసుకునే మనిషి తోడులేక, డబ్బు లేక ఎన్ని వీణలు అటకెక్కలేదు? కిమ్ పాటలు ఆలస్యమయ్యాయి, అంతే. ఆగిపోలేదు. 'లాస్ట్ స్ప్లాష్' నాటి నలుగురూ మళ్ళీ కలిసి 2018లో 'ఆల్ నర్వ్' తెచ్చారు. 2024లో, ఇరవై ఒక్కేళ్ళ గాయని ఒలీవియా రోడ్రిగో తన కచేరీలకు వీళ్ళని పిలిపించుకుంది. అమ్మమ్మ వయసు వాళ్ళ గిటార్లు విని న్యూయార్క్‌లో కుర్రకారు కేరింతలు కొట్టింది.

మీరూ వింటారా?

మొదట్లోనే హోరెక్కువ పాటల జోలికి పోకండి. 'లాస్ట్ స్ప్లాష్'లోని 'డ్రైవిన్ ఆన్ నైన్' వినండి. వయొలిన్ తోడుగా సాగే నెమ్మదైన పాట. మన బాంబే సిస్టర్స్ కచేరీలు విన్నవాళ్ళకు తెలుసు, తోబుట్టువుల గొంతులు కలిస్తే ఆ ఒద్దికే వేరు. వీళ్ళదీ అంతే, ఒక గొంతు, దాని నీడ కలిసి నడుస్తున్నట్టుంటుంది. తర్వాత 'క్యానన్‌బాల్', ఆపైన 'ఆర్ యూ మైన్?' వినండి. మాటలు అర్థం కాకపోయినా ఫర్వాలేదు. సాయంత్రం పనులయ్యాక, వీలైతే మీ అక్కనో చెల్లెల్నో పక్కన కూర్చోబెట్టుకుని వినండి.