‘సగుణ’: అన్నను పోగొట్టుకున్న చెల్లెలి నవల

‘సగుణ’ పశ్చిమ భారతంలోని ఒక మరాఠీ క్రైస్తవ కుటుంబపు కథ. రచయిత్రి కృపాబాయి సత్యనాథన్. ఇంగ్లీషులో రాసిన ఈ నవల 1887–88లో మద్రాసు క్రైస్తవ కళాశాల పత్రికలో ధారావాహికగా వచ్చింది. రచయిత్రి కన్నుమూసిన మరుసటి ఏడాది, 1895లో, పుస్తకంగా అచ్చయింది. భారతీయ మహిళ ఇంగ్లీషులో రాసిన తొలి ఆత్మకథాత్మక నవలగా సాహిత్య చరిత్రకారులు దీన్ని లెక్కిస్తారు. ఆ ఖ్యాతి అలా ఉంచితే, చిన్ననాడే ఇంట్లో చావును చూసిన ఒక ఆడపిల్ల మళ్ళీ ఎలా నిలదొక్కుకుందో చెప్పడంలోనే ఈ నవల బలం ఉంది.

కృపాబాయి 1862 ఫిబ్రవరి 14న అహ్మద్‌నగర్‌లో పుట్టింది. తండ్రి హరిపంత్ ఖిస్తీ, తల్లి రాధాబాయి. ఇద్దరూ బ్రాహ్మణ కుటుంబాల నుంచి వచ్చి క్రైస్తవ మతం పుచ్చుకున్నవాళ్ళు. పద్నాలుగు మంది సంతానంలో ఆమె పదమూడోది. ఊహ తెలిసీ తెలియని వయసులోనే తండ్రి పోయాడు. ఆ లోటును కొంతైనా పూడ్చినవాడు పెద్దన్న భాస్కర్. పుస్తకాలు తెచ్చి ఇచ్చేవాడు, చదివినదాని మీద చెల్లెలితో సరిసమానంగా మాట్లాడేవాడు. కొంతకాలానికి అతనూ చనిపోయాడు. నవలలో అమ్మానాన్నల పేర్లు హరిచంద్ర, రాధ అని కొద్దిగా మారాయి గానీ అన్న పేరు మాత్రం మారలేదు. భాస్కర్‌ను భాస్కర్‌గానే ఉంచింది. ఆ పేరు మార్చడానికి ఆమెకు చేతులు రాలేదేమో అనిపిస్తుంది.

కథ సగుణతో మొదలవ్వదు, ఆమె తల్లితో మొదలవుతుంది. రాధ చిన్న వయసులోనే అత్తింటికి వచ్చిన పిల్ల. భర్త మతం మారాడని తెలిసినప్పుడు ఆమెకు కలిగింది సంతోషం కాదు, భయం. పుట్టిల్లు, అత్తిల్లు, ఆచారం, మడి అన్నీ ఒక్కసారిగా తెగిపోయాయి. భర్త వెంట వెళ్ళినా మనసు వెంటనే వెళ్ళలేదు. చాలాకాలం తన పద్ధతులు తాను పాటించుకుంది, మెల్లగా మాత్రమే కొత్త విశ్వాసంలోకి వచ్చింది. క్రైస్తవ ప్రచార సాహిత్యంలో మతమార్పిడి ఘట్టం సాధారణంగా ఆనందబాష్పాలతో ముగుస్తుంది. కృపాబాయి ఆ దారి పట్టలేదు. ఆ ఇంటి మొదటి దుఃఖం బంధువులను పోగొట్టుకోవడమేనని తేటగా రాసింది.

సగుణ అన్నలతో పోటీపడి చదివే పిల్ల. ఆడపిల్లకు వంట, ఇంటిపని రావాలి గానీ ఇంత చదువెందుకని తల్లి కోప్పడేది. ఆ మాటకు అడ్డుపడేది భాస్కరే. కొండల్లో తిప్పుతూ, దేశం గురించీ మనిషి చేయవలసిన పని గురించీ చెప్పేవాడు. తోటి ఆడవాళ్ళతో చెల్లెలు ధైర్యంగా మాట్లాడగలగాలని అతని కోరిక. నవలలో అన్నిటికన్నా వెలుగున్న పుటలు ఇవే. అందుకే భాస్కర్ జబ్బుపడి చనిపోవడం పాఠకుడికీ గట్టిగా తగులుతుంది. పిల్లకు పోయింది తోబుట్టువు ఒక్కడే కాదు. తండ్రి తరువాత తండ్రి అంతటివాడు, గురువు, తన చదువు మీద నమ్మకమున్న ఒకే ఒక్క మనిషి పోయాడు.

ఆ తరువాత ఓదార్పు ఒక్క రోజులో రాదు. ఎవరో వచ్చి ప్రార్థన చేయగానే కన్నీళ్ళు ఆగిపోవు. సగుణను ఇద్దరు మిషనరీ దొరసానుల దగ్గర ఉంచుతారు. వాళ్ళు మంచివాళ్ళే, కానీ తెల్లవాళ్ళమన్న పెద్దరికం వాళ్ళ నడతలో కనబడుతూనే ఉంటుంది. చులకనగా చూసిన చూపును పిల్ల మరిచిపోదు. అక్కడి నుంచి బొంబాయిలోని మిషన్ బోర్డింగ్ బడికి వెళుతుంది. అక్కడ ఒక అమెరికన్ వైద్యురాలు ఆమె తెలివిని గుర్తించి వైద్యం చదవమంటుంది. ఇంగ్లండుకు పంపాలన్న ఆలోచన ఆమె ఆరోగ్యం బాగా లేకపోవడంతో ఆగిపోతుంది. చివరికి మద్రాసు వైద్య కళాశాలలో చేరుతుంది. కృపాబాయి నిజజీవితంలో ఇది 1878లో జరిగింది. ఆ కళాశాల ఆడవాళ్ళకు తలుపులు తెరిచింది అంతకు మూడేళ్ళ ముందు, 1875లోనే. మొదటి సంవత్సరం బాగా చదివినా శరీరం సహకరించలేదు, చదువు మధ్యలోనే ఆగిపోయింది. నవల పెళ్ళితో ముగుస్తుంది.

ఈ నవలలో విశ్వాసం దుఃఖాన్ని తుడిచివేయదు, దానికొక పని అప్పగిస్తుంది. భాస్కర్ లేడన్న బాధ సగుణకు చివరిదాకా ఉంటుంది. కానీ అతను కోరిన చదువు, అతను కోరిన ధైర్యం ఆమెను ముందుకు నడిపిస్తాయి. దేవుడి ఆదరణ ఆమెకు మనుషుల ద్వారానే అందుతుంది: ఒక పుస్తకం, ఒక ఉపాధ్యాయిని, జబ్బుతో పడుకున్నప్పుడు పక్కన కూర్చున్న ఒక అక్క. అందుకే 130 ఏళ్ళ తరువాత చదివినా ఇది ఉపదేశంలా అనిపించదు.

రచయిత్రి జీవితం ఆ తరువాత తెలుగు నేల మీదికి వచ్చింది. భర్త శామ్యూల్ సత్యనాథన్ కేంబ్రిడ్జిలో చదివి వచ్చిన తమిళ క్రైస్తవుడు. ఉద్యోగరీత్యా వాళ్ళు మొదట ఊటీలో ఉన్నారు. అక్కడ ఆమె ముస్లిం బాలికల కోసం బడి నడిపింది. తరువాత రాజమండ్రికి, అక్కడి నుంచి కుంభకోణానికి, 1886లో మద్రాసుకు చేరారు. రాజమండ్రిలో ఉన్నన్నాళ్ళూ ఆమెను జబ్బు పీడించింది. కృపాబాయికి పుట్టిన ఒక్క బిడ్డ ఏడాది నిండకుండానే పోయింది. ఆఖరి జబ్బులో రాసిన రెండో నవల ‘కమల’ 1894లో వచ్చింది. అది హిందూ కుటుంబాల కథ. తల్లి లేకుండా తండ్రి చేతుల్లో పెరిగిన పిల్ల పెళ్ళయ్యాక బిడ్డనూ భర్తనూ పోగొట్టుకుంటుంది, మళ్ళీ పెళ్ళి వద్దనుకుని పరుల సేవలో మిగిలిన జీవితం గడుపుతుంది. అదే ఏడాది, 32 ఏళ్ళకే కృపాబాయి చనిపోయింది.

ఆమె పోయిన తరువాత శామ్యూల్ పెళ్ళి చేసుకున్నది రాజమండ్రిలో పుట్టిన తెలుగు అమ్మాయిని. ఆమే కమలా సత్యనాథన్. దంపతులిద్దరూ కలిసి భారతీయ క్రైస్తవ జీవితం మీద రాసిన కథలు 1898లో పుస్తకంగా వచ్చాయి. 1901లో కమల మద్రాసు నుంచి ఇంగ్లీషులో మహిళల పత్రిక మొదలుపెట్టింది. హైదరాబాదు సరోజినీ నాయుడు అందులో రాసింది. బెంగాలీ రచయిత్రి రుకియా కథ ‘సుల్తానాస్ డ్రీమ్’ 1905లో అచ్చయింది అందులోనే. తోటి ఆడవాళ్ళతో మాట్లాడమన్న భాస్కర్ కోరిక ఆ ఇంట్లోనే ఇలా ఇంకొక మనిషి చేతిలో కొనసాగింది.

తెలంగాణలోని నల్లగొండ, మహబూబ్‌నగర్ (పాలమూరు) జిల్లాల క్రైస్తవ చరిత్ర కూడా దాదాపు ఈ సంవత్సరాలదే, అందుకే ‘సగుణ’ను దాని పక్కన పెట్టి చూడవచ్చు. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ ఎల్బర్ట్ చ్యూట్ 1885లో పాలమూరులో మిషన్ కేంద్రం పెట్టాడు. రష్యా నుంచి వచ్చిన మెన్నోనైట్ బ్రదరెన్ మిషనరీ అబ్రహాం ఫ్రీజెన్ 1890లో నల్లగొండ చేరాడు. తరువాత అమెరికా మెన్నోనైట్ బ్రదరెన్లు నాగర్‌కర్నూలు, వనపర్తి, దేవరకొండ, జడ్చర్ల వంటి చోట్ల కేంద్రాలు తెరిచారు. 1937లో పాలమూరు కేంద్రం కూడా వాళ్ళ చేతికి వచ్చింది. ‘సగుణ’ మద్రాసులో ధారావాహికగా అచ్చవుతున్న రోజుల్లో పాలమూరు మిషన్ వయసు రెండు మూడేళ్ళే.

అయితే ఇక్కడి కథ, సగుణ ఇంటి కథ ఒకటి కావు. బ్రాహ్మణ ఇంట్లో ఒక్కడు మతం మారితే అతనికి బంధువులంతా దూరమయ్యేవారు. ఈ మెట్టప్రాంతంలో మతం పుచ్చుకున్నది ఎక్కువగా మాదిగ, మాల వాడలవాళ్ళు. కుటుంబాలకు కుటుంబాలు, కొన్నిచోట్ల వాడలకు వాడలే కలిసి వచ్చాయి కాబట్టి బంధుత్వాలు అంతగా తెగలేదు. వాళ్ళ పిల్లలను అనాథలను చేసింది మతమార్పిడి కాదు. 1876–78 ధాత కరువు, గత్తర (కలరా), 1918 నాటి ఇన్‌ఫ్లుయెంజా, తరాల తరబడి సాగిన వెట్టి ఆ పని చేశాయి. ఇటీవలి దశాబ్దాల్లో పాలమూరు లేబర్‌గా, అంటే వలస కూలీలుగా, తల్లిదండ్రులు దూరదేశం పోతే ముసలవ్వ దగ్గరో హాస్టల్లోనో పెరిగిన పిల్లలది వేరే రకం ఎడబాటు. ‘సగుణ’లో ఈ ప్రపంచం లేదు. అది దాని హద్దు. దళిత క్రైస్తవుల తరాల దుఃఖం తెలుగు నవలలో పెద్దగా కనబడటానికి జి. కల్యాణరావు ‘అంటరాని వసంతం’ 2000లో వచ్చేదాకా ఆగవలసి వచ్చింది. అది కోస్తా వైపు కథ, ఓదార్పు కన్నా పోరాటం వైపు మొగ్గిన కథ.

రెండు ప్రపంచాలూ కలిసే చోటు బోర్డింగ్ బడి. ఇంట్లో పెద్దదిక్కు పోయిన పిల్లను బడిలో వేయడం, అక్కడ చదువుతో పాటు పాటలూ ప్రార్థనలూ నేర్చుకోవడం, సెలవులకు వెళితే సొంత ఊరే కొత్తగా కనిపించడం సగుణకు తెలుసు, మిషన్ హాస్టళ్ళలో పెరిగినవాళ్ళకూ తెలుసు. దొరసానుల ప్రేమలో కలిసి వచ్చే చులకన కూడా ఇద్దరికీ తెలిసినదే.

చావు తరువాత పాటించే పద్ధతుల్లోనూ పోలిక ఉంది. తెలుగు సంఘాల్లో చావు జరిగిన ఇంట్లో కొద్ది రోజులకు ఆదరణ కూడిక పెడతారు. బంధువులు, సంఘస్థులు వచ్చి పాటలు పాడి, పోయినవారి గురించి సాక్ష్యం చెబుతారు. ఏడాదికి జ్ఞాపకార్థ కూడిక ఉంటుంది. పునరుత్థాన పండుగకు తెల్లవారకముందే సమాధుల తోటకు వెళ్ళి, సున్నం వేసిన సమాధుల మీద పూలు పెట్టి కొవ్వొత్తులు వెలిగిస్తారు. పోయినవాళ్ళ పేరు పదిమందిలో మళ్ళీ మళ్ళీ పలకడం ఈ పద్ధతులన్నిటిలో ముఖ్యమైన పని. భాస్కర్ పేరును మార్చకుండా ఉంచి కృపాబాయి చేసిందీ అదే. అయితే వీటిలో మాట్లాడేది చాలావరకు పెద్దలే. పిల్లలు ఒక పక్కన కూర్చుంటారు. కృపాబాయి పుస్తకం ఆ పక్కన కూర్చున్న పిల్ల మాట.

‘సగుణ’ 1896లో తమిళంలోకి వెళ్ళింది. చాలాకాలం అచ్చులో లేకుండా పోయిన తరువాత 1998లో చాందనీ లొకుగే సంపాదకత్వంలో ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీ ప్రెస్ ‘సగుణ’ను, ‘కమల’ను మళ్ళీ వెలువరించింది. నేటి పాఠకుల చేతికి ఈ నవల ఎక్కువగా ఆ ప్రతి ద్వారానే అందింది.