కుక్కపిల్లకు వెల యెంత?



ఆంధ్ర మహాభారతము చదువ మొదలిడినవారికి ఆదిపర్వమున తొలుతనే యెదురగు కథలలో నొకటి కుక్కపిల్ల కథ. జనమేజయుడు సత్రయాగము చేయుచున్న చోటికి సరమ కొడుకగు సారమేయుడు ఆడుకొనుచు వచ్చెను. రాజు తమ్ములు వానిని కొట్టిరి. వాడేడ్చుచు తల్లి కడకు పోయెను. తల్లి వచ్చి నిలిచి, నా బిడ్డ చేసిన తప్పేమని యడిగెను. ముప్పది యేండ్లు నేనీ ఘట్టమును బడిపిల్లలకు చెప్పితిని. చెప్పినప్పుడెల్ల నా దృష్టి సరమ యిచ్చిన శాపము మీదనే యుండెడిది. ఆ తల్లి ప్రశ్న నా చెవిని సోకినది మాత్రము ఇటీవలనే, మా పెరటిలో తొమ్మిది కుక్కపిల్లలు పుట్టిన తరువాత.

మా జగిత్యాల, కోరుట్ల ప్రాంతములలో దుబాయిలోనో మస్కట్టులోనో పనిచేయు కొడుకు లేని వీధి యరుదు. కొడుకు సెలవుపై వచ్చును. క్రొత్త మేడలో ముసలి తల్లిదండ్రులు ఒంటరిగా నున్నారని దిగులుపడును. కాపలాకని యొక లాబ్రడార్ పిల్లనో, జర్మన్ షెపర్డ్ పిల్లనో కొని తెచ్చును. రెండు నెలలకు సెలవు తీరును. కుక్క మాత్రము పదియేండ్లుండును. మా యింట జరిగినదియు నిదియే. మావాడు తెచ్చిన లాబ్రడార్ ఆడుకుక్క రెండేండ్ల వయసున, నా యజాగ్రత్తచేత, పొరుగువీధిలోని ఆ జాతి కుక్కతోనే కూడి చూలు గొని, సుమారు 63 దినములకు ఈనెను. ఒక పిల్ల మూడవనాడు పోయెను. ఎనిమిది మిగిలెను.

పిల్లలకు ఇరువదియైదు దినములైన నాడొక బేరగాడు వచ్చెను. ఎనిమిదింటిని ఒక్కమారే గంపలో నెత్తుకొని పోయెదననియు, తలకు 9,000 చొప్పున 72,000 రూపాయలు చేతిలో పెట్టెదననియు చెప్పెను. నేను పింఛనుమీద బ్రదుకువాడను. ఆ రాత్రి నాకు సరిగా నిద్రపట్టలేదని దాచను. మరునాడు తల్లికుక్కను చూపించుటకు కోరుట్లలోని పశువైద్య కళాశాలకు పోయి, అచ్చటి వైద్యునితో ఈ మాట యంటిని. ఎనిమిది వారములు నిండని పిల్లను అమ్మరాదని 2017లో కేంద్రప్రభుత్వము నియమములు చేసినదని ఆయన చెప్పెను. కుక్కలను వ్యాపారముగా పెంచి విక్రయించువారు రాష్ట్ర జంతుసంక్షేమ మండలియొద్ద నమోదు కావలెనని కూడ ఆ నియమములలోనే కలదు. నాది వ్యాపారము కాదు. అయినను పిల్లల రక్షణకై చెప్పిన మాట నాకును వర్తించునని తలచితిని.

ఎనిమిది వారములే యేల? మూడవ వారమునుండి పిల్లలు ఒకదానితో నొకటి పెనగులాడుచు నేర్చుకొను చదువొకటి కలదు. గట్టిగా కరచినచో తోబుట్టువు కీచుమని యాట మానివేయును, తల్లి గుర్రుమనును. అట్లు కోర యెంత నొక్కవచ్చునో దానికి తెలియును. ఈ చదువు తప్పిన చిన్నజాతి కుక్క మన పంచె చింపును. ముప్పది కిలోల కుక్కకు అది తప్పినచో మనిషి ఆసుపత్రికి పోవలసివచ్చును. రెండవ కారణము పార్వో యను రక్తవిరేచనముల వ్యాధి. 1978 ప్రాంతమున ప్రపంచమంతట వ్యాపించిన యీ వైరసు నేటికిని పిల్లలను దినముల వ్యవధిలో చంపుచున్నది. దీని తొలి టీకా ఆరు మొదలు ఎనిమిది వారముల నడుమ వేయుదురు. పిమ్మట మూడు నాలుగు వారముల కొకమారు, పదునారవ వారము వరకు. గంపలో పోయిన నెలపిల్లకు తల్లిపాలును లేవు, టీకాయును లేదు. బేరగాడు మరల వచ్చినప్పుడు మజ్జిగ యిచ్చి పంపితిని.

ఇక వెల. హాజరుపట్టీ వ్రాసిన చేయి గనుక ఖర్చు వ్రాసియుంచితిని. తల్లికి చూలునాటినుండి పాలు మాన్పువరకు అదనపు తిండి 10,000. దాని వైద్యము 4,000. పిల్లల మేత 14,000. తొలి టీకాలు 5,600. నులిపురుగుల మందు 1,200. మొత్తము 34,800 రూపాయలు. ఎనిమిదింటికి పంచగా తలకు 4,350. రాకపోకల కిరాయి కలిపి 5,000 అని నిర్ణయించితిని. నా నిద్రకు వెల కట్టలేదు.

దీనినిబట్టి యెక్కువ వెల చెప్పువారందరు దురాశాపరులని నేననను. లాబ్రడార్, జర్మన్ షెపర్డ్ వంటి జాతులలో తుంటికీలు సరిగా కుదరని దోషము వంశమున దిగును. తల్లిదండ్రుల తుంటికి ఎక్స్‌రే తీయించి, కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా పత్రములు పుచ్చుకొని, యోచించి పిల్లలను పుట్టించువానికి ఖర్చధికము. వాని వెల న్యాయమే. ఆ యెక్స్‌రే చూపుమని కొనువాడడుగవలెను. చూపలేనివాడు చెప్పిన పెద్దవెల దేనికో నాకు బోధపడదు.

ఊరక యిచ్చివేయరాదా యని మా చెల్లెలు నన్నడిగెను. మొదట నేనును అట్లే యనుకొంటిని. ఊరకనే యిత్తునని మాట పుట్టగానే మూడు దినములలో పదునొకండుగురు వచ్చిరి. వారిలో కుక్క యేమి తినునని యడిగినవారు ఇద్దరు. ఒకడు ఆడుపిల్లనే కోరెను, ఏటేట ఈనించి అమ్ముకొనుటకు. మానవుడు వెల పెట్టని వస్తువునకు లెక్క వేయడు. నా 5,000 నిజమునకు లెక్క వేయించుటకే. ముప్పది కిలోల కుక్కకు మేత, మందులు కలిపి నెలకు నాకగు ఖర్చు 4,000. పదియేండ్లకు 4,80,000 అగును. పిల్ల వెల దానిలో సుమారు నూరవవంతు. నూరవవంతును గూర్చి గంటసేపు బేరమాడినవారు తక్కిన తొంబదితొమ్మిది వంతుల మాట యెత్తలేదు.

కావున వచ్చినవారితో వెలకు ముందు ఖర్చు చెప్పితిని. పెద్దజాతి పిల్ల త్వరగా నెదుగునని సున్నపుపొడి, కాల్షియము మందులు విడిగా పోసినచో ఎముకలు చెడునని చెప్పితిని. మేసినవెంటనే పరుగెత్తింపరాదు, రొమ్ము లోతైన గ్రేట్ డేన్ వంటి జాతులలో కడుపుబ్బి మెలిపడి ప్రాణము పోవును. మన మే నెలలో ఎండ 45 డిగ్రీలు ముట్టును. కుక్కకు మనవలె ఒడలెల్ల చెమటపట్టదు, నాలుక చాచి యొగర్చియే చల్లబడవలెను. మంచుకొండలలో పుట్టిన సెయింట్ బెర్నార్డ్‌ను మన యూళ్లకు తెచ్చువారిని చూచిన నాకు కోపము వచ్చును.

ఇంత తెలిసియు నేనొక తప్పు చేసితిని. కోరుట్లలో నొక గృహస్థునకు మంచి మేడ, చుట్టును ప్రహరి, ఇనుప గేటు కలవు. ఆయన బేరమాడక 5,000 ఇచ్చెను. సంతోషముతో పిల్ల నిచ్చితిని. ఆ వారమే నా పూర్వశిష్యుడొకడు, సిరిసిల్లలో సాంచాలు నడుపువాడు, పిల్లకై వచ్చెను. వానిది రెండు గదుల యిల్లు. భార్య యింట బీడీలు చుట్టును. ఇంత కుక్కకు చోటేది నాయనా యంటిని. "సారూ, ఇల్లు చిన్నదే గాని ఇంట్ల ఎప్పటికీ మనిషుంటది" అని వాడనెను. నేను నవ్వి పంపివేసితిని.

అయిదు నెలలకు, ఇచ్చిన పిల్లలను చూచి వత్తమని బయలుదేరి కోరుట్ల పోయితిని. పిల్ల గేటుప్రక్క రేకుక్రింద గొలుసుతో నుండెను. మెడ యొరసికొనిపోయి పుండైనది. గృహస్థుడు గల్ఫుదేశమునకు పోయి నాలుగు నెలలైనది. ఇంట వాని ముసలితల్లి యొక్కతె. అది మీదికెగురునని భయపడి అన్నపుగిన్నెను కఱ్ఱతో ముందుకు త్రోయుచున్నది. "నాకు భయమైతంది సారూ, తీస్కపో" అని యామె చేతులు జోడించెను. ఎల్లప్పుడు కట్టివేసిన కుక్కను తగినట్లు త్రిప్పకపోవుట 1960 నాటి జంతుహింసా నివారణ చట్టము ననుసరించి నేరమే; తొలి తప్పుకు ఆ చట్టము వ్రాసిన జరిమానా 10 రూపాయలు మొదలు 50 వరకు. నాకు చట్టము జ్ఞప్తికి రాలేదు. ప్రహరి కొలతను కంటితో చూచి, లోపల పగలెవరుందురని యడుగనివాడను నేనే కదా!

గొలుసు విప్పి తెచ్చి, పుండు మాన్పి, మూడు వారములు మా పెరటిలో నడిపించి, సిరిసిల్లకు కబురంపితిని. నా శిష్యుడు కాగితముపై లెక్క వ్రాసికొని వచ్చెను: అన్నము, గ్రుడ్లు, కోడిమాంసము, టీకాలు, నెలకు 2,800. బడిలో వాని లెక్కలకు నేనెన్నడును అన్ని మార్కులు వేయలేదు. ఉడికిన యెముకలు మాత్రము వేయవద్దని, అవి చీలి ప్రేగులకు గ్రుచ్చుకొనునని చెప్పితిని. వారి యింటికి స్వయముగా పోయి చూచితిని. ఆ యిల్లాలు ఒడిలో చేట పెట్టుకొని తునికాకులో పొగాకు నింపుచున్నది. పొగాకు కుక్కకు విషము తల్లీ యంటిని. లేచునప్పుడెల్ల చేటను అటకమీద పెట్టుదునని చెప్పుటయే గాక, అప్పుడే లేచి పెట్టి చూపెను. వెల తీసికొనలేదు, అది యొకమారు ముట్టినదే. కాగితము మాత్రము వ్రాయించుకొంటిని: సాకలేని దినము వచ్చినచో ఎవరికిని అమ్మక, వీధిని విడువక, నాకే తెచ్చి యియ్యవలెనని. ఎనిమిది పిల్లలకును ఇట్టి కాగితములు నాయొద్ద కలవు. తల్లికి కోరుట్లలోనే పిల్లలు పుట్టకుండ శస్త్రము చేయించితిని.

పిల్ల నిచ్చి వచ్చునాడు, రేబీసు టీకా మరల వేయింపవలసిన తేదిని వారి గోడమీది క్యాలెండరులో నా చేతితోనే వ్రాసితిని. ఆ నెల కాగితము చింపునప్పుడు తేదిని తరువాతి కాగితముమీదికి ఎక్కించుకొనుమని ఆ యిల్లాలితో రెండుమారులు చెప్పితిని.