నీటి యడుగునఁ దోడు

బావిలోఁ బడిన చెంబునకై మునిఁగి, దానితోఁ బైకి వచ్చు ఈఁతగాండ్రు ప్రతిగ్రామమునను గలరు. వారు ఒక్క యూపిరి పట్టినంతసేపే నీటిలో నుందురు. గాలిని సిలిండరులో నింపి వీపునఁ గట్టుకొని, ముప్పావుగంటసేపు సముద్రగర్భమునఁ దిరుగుట వేఱొక విద్య. దానికి స్కూబా యని పేరు. 1943 లో ఫ్రాన్సుదేశమున జాక్ కూస్తో యను నౌకాదళాధికారియు, ఎమీల్ గన్యాన్ అను ఇంజనీరును గలసి, ఈఁతగాఁడు పీల్చినప్పుడు మాత్రమే, ఆ లోఁతునకుఁ దగిన యొత్తిడితో గాలి నిచ్చు సాధనమును నిర్మించిరి. నేఁడు అనేకదేశములలో జనులు వినోదార్థమే ఈ విద్యను నేర్చుచున్నారు. వినోదమున కింత శాస్త్ర మేల, ఇన్ని యభిప్రాయభేదము లేల యని మీకుఁ దోఁపవచ్చును. కారణము వినుఁడు.

నీటిలో 10 మీటర్లు దిగినకొలఁది ఒక వాతావరణపు బరువు మనపైఁ జేరును. 30 మీటర్ల లోఁతున ఒత్తిడి పైదానికి నాలుగింతలు. కావున గాలియు నాలుగింతల వేగముతో వ్యయమగును. అంతియకాక, ఆ యొత్తిడిచే నత్రజని రక్తమాంసములలోఁ గరఁగి చేరును. తొందరపడి పైకి వచ్చినచో, మూఁత తీసిన సోడాబుడ్డిలోవలె, అది దేహమునందే బుద్బుదములై బాధించును. ఒక్కొక్కప్పుడు ప్రాణమును దీయును. అందుచే నిమిషమునకు సుమారు 9 మీటర్లకు మించక మెల్లగా లేచి, 5 మీటర్లకడ 3 నిమిషములు నిలువవలెనని బోధింతురు. భయము వేసినంతనే పైకిఁ బాఱిపోవ వీలులేదు. ఆపద యడుగుననే తీఱవలయును. ఎవరు తీర్తురు? ఇచ్చటనే మూఁడు పక్షము లేర్పడినవి.

మొదటిది జంటపద్ధతి. పెక్కు శిక్షణాలయములు దీనినే నేర్పును. ఇద్దఱిద్దఱుగా దిగుదురు, దిగుటకు ముందు ఒకరి పరికరముల నొకరు పరీక్షింతురు, ఒకని గాలి యైపోయినచో రెండవవాఁడు తనయొద్ద అదనముగానున్న గొట్టము నిచ్చును. ఇది మంచిదే. కాని పడవమీఁద అప్పుడే కలిసిన యపరిచితులను జంటగాఁ గూర్చినచో, ఒకఁడు చేఁపలకు ఛాయాపటములు తీయుచు నిలుచును. వేఱొకఁడు ముందునకుఁ బోవును. అప్పుడు తోడు పేరునకే మిగులును.

ఇట్టి తోడుకంటె నొంటరితనమే మేలని రెండవపక్షము. వీరు వేఱొక సిలిండరును, దాని గొట్టమును గూడ మోసికొని దిగుదురు. తన్నుఁ దాను గాచుకొనలేనివాఁడు ఒరులను గావలేఁడని వీరి వాదము. అందును సత్యము గలదు.

మూఁడవది బృందపద్ధతి. అమెరికాలోని ఫ్లోరిడాయందు నీటితో నిండిన సున్నపుఱాతి గుహలు గలవు. తలపైన ఱాయి, వచ్చినదారినే తప్ప వెలికి వచ్చుటకుఁ దావులేదు. అందుఁ బెక్కురు మరణింపఁగా, షెక్ ఎక్స్‌లీ యను గుహాన్వేషకుఁడు 1970ల దశకమున ఆ మరణములను బరిశీలించి నియమములను బ్రకటించెను. వానిలో గాలినిగూర్చిన దొకటి: మూఁడవవంతు లోనికిఁ బోవుటకు, మూఁడవవంతు మరలుటకు, మిగిలిన మూఁడవవంతు ఆపదకు. ఈ కడపటి భాగము, గాలి పోఁగొట్టుకొన్న తోడివానిని వెలికిఁ దెచ్చుటకుఁ జాలవలయును. అనఁగా నా వీపునున్న గాలి యంతయు నాది కాదు. ఈ గుహావిద్యనుండియే, బృందమున నందఱకును ఒకేవిధమైన పరికరములు, ఒకేవిధమైన యభ్యాసము నుండవలెనను సిద్ధాంతము పుట్టెను. 1998 లో జారడ్ జబ్లాన్‌స్కీ స్థాపించిన గ్లోబల్ అండర్‌వాటర్ ఎక్స్‌ప్లోరర్స్ అను సంస్థ దానిని వినోదార్థులకును నేర్పుచున్నది. సిపాయిలవలె నిట్లుండిన వినోద మెక్కడిదని యితరు లాక్షేపింతురు.

విచారించి చూడఁగా, భయము తీఱినచోటనే వినోదము పుట్టును. నీటిలో మాట లేదు, సంజ్ఞలే. బొటనవ్రేలును జూపుడువ్రేలును గలిపి సున్న చుట్టినచో క్షేమమని యర్థము. బొటనవ్రేలు పైకెత్తినచో బాగని కాదు, పైకిఁ బోవుదమని యర్థము. గుహలలో నెవఁడైనను, ఏ కారణమునకైనను ఆ వ్రేలెత్తినంతనే యందఱును మరలవలయును. ఎందుకని యడుగరు, ఒడ్డుచేరిన పిమ్మటను ఎత్తిపొడువరు. ఈ యొక్క నియమము మూఁడు పక్షములవారికిని శిరోధార్యము. చాలుననుటకు సిగ్గుపడి శక్తికి మించి పోవువాఁడు తనకును దోడివారికిని ముప్పు. ఎంత లోఁతు దిగవలెనో, ఎంత గాలి మిగులఁగా మరలవలెనో ముందే నిర్ణయించుకొన్నవారు, నిశ్చింతగాఁ బగడపుదిబ్బలను, చేఁపల గుంపులను గన్నులారఁ జూతురు. వెనుకాడినవానిని జూచి నవ్వక, వానితోఁ గూడ మరలివచ్చువాఁడే మఱునాఁడు మరల దిగుటకుఁ దగిన చెలికాఁడు.