హీరో ఓడిన రేసు... దోమలు దిద్దిన కారు!

మన సినిమాల్లో కారు ఛేజింగు వచ్చిందంటే చాలు, నేల క్లాసు నుంచి బాల్కనీ దాకా ఈలలే ఈలలు! హీరోగారి కారు గాల్లో తేలిపోతూ ఉంటుంది. విలను కారు బోల్తా కొడుతుంది. అంతా చూసి బయటికొచ్చి 'అబ్బ, ఏం స్పీడురా!' అనుకుంటాం.

కానీ అందులో ఓ చిన్న కిటుకుంది. తెర మీద బొమ్మ సెకనుకి 24 ఫ్రేముల చొప్పున నడుస్తుంది. షూటింగులో కెమెరాని 18 ఫ్రేములకు తగ్గించి తీశారనుకోండి. అప్పుడు గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వెళ్లిన కారు తెర మీద 80లో పోతున్నట్టు కనిపిస్తుంది! ఏ దేశపు సినిమాలోనైనా వాడిన పాత చిట్కాయే ఇది.

'నా సినిమాలో ఆ చిట్కా వద్దు, కార్లు నిజంగానే ఆ వేగంతో పోవాలి' అని పట్టుబట్టిన హీరో ఒకడున్నాడు. హాలీవుడ్ నటుడు స్టీవ్ మెక్‌క్వీన్. ఆ సినిమా పేరు 'లెమాన్స్'. 1971లో విడుదలైంది. ఆ పట్టుదలకు ఎవరెవరు ఎంతెంత మూల్యం చెల్లించారో, అసలు ఆ కార్లకు అంత వేగం ఎక్కణ్ణుంచి వచ్చిందో చెప్పుకుందాం.

ఒక పగలు, ఒక రాత్రి!

ఫ్రాన్సులో లెమాన్స్ అనే ఊరుంది. 1923 నుంచి అక్కడ ఏటేటా 24 గంటల కారు రేసు జరుగుతోంది. మధ్యలో యుద్ధం వల్లా, ఇతర కారణాల వల్లా కొన్నేళ్లు ఆగింది. మామూలు రోజుల్లో జనం తిరిగే రోడ్లు కూడా ఆ పందెపు దారిలో కలుస్తాయి. ఒక్క చుట్టు 13 కిలోమీటర్ల పైచిలుకు. అందులో దాదాపు 6 కిలోమీటర్లు తిన్నటి రోడ్డు. 1990లో మధ్యలో మలుపులు పెట్టి వేగానికి కళ్లెం వేశారు గానీ, అంతకుముందు అక్కడ యాక్సిలరేటర్ తొక్కిపట్టి ఉంచడమే పని. పగలు, రాత్రి, వాన, మంచు... ఏదొచ్చినా ఆగేది లేదు. డ్రైవర్లు వంతులవారీగా నడుపుతారు. 24 గంటల్లో ఎవరు ఎక్కువ దూరం పోతే వాళ్లదే గెలుపు.

ఈ రేసు మీద మెక్‌క్వీన్‌కి చెప్పలేనంత మోజు. అతను ఉత్త సినిమా డ్రైవరు కాదండోయ్! 1970 మార్చిలో అమెరికాలోని సెబ్రింగ్‌లో జరిగిన 12 గంటల రేసులో నిజంగానే పోటీ చేశాడు. అప్పటికి కొద్ది రోజుల ముందే మోటారు సైకిలు పందెంలో ఎడమ పాదం విరిగింది. కాలికి సిమెంటు కట్టుతోనే దిగాడు! జోడీ డ్రైవరు పీటర్ రెవ్‌సన్ ఎక్కువసేపు నడిపిన మాట నిజమే. అయినా 12 గంటలు పరుగెత్తి, అర నిమిషం లోపు తేడాతో రెండో స్థానంలో వచ్చారిద్దరూ. గెలిచినవాడు ప్రపంచ ప్రసిద్ధుడైన మారియో ఆండ్రెటి!

ఆ ఊపులో 1970 జూన్‌లో లెమాన్స్ అసలు రేసులోనే పోటీ చేస్తానన్నాడు మెక్‌క్వీన్. ఇన్సూరెన్సు వాళ్లు ససేమిరా అన్నారు. హీరోకి ఏమైనా అయితే సినిమా గతేం కాను? దాంతో అతని కంపెనీ ఇంకో ఉపాయం చేసింది. సెబ్రింగ్‌లో నడిపిన పోర్షే 908 కారుకి ముందూ వెనకా కెమెరాలు బిగించి, ఇద్దరు అసలు డ్రైవర్లతో ఆ రేసులోనే దించింది! ఫిల్ము అయిపోయినప్పుడల్లా కారు ఆగడం, రీలు మార్చడం, మళ్లీ పరుగు. అలా ఆగి ఆగి కూడా చివరిదాకా నిలబడింది. ఆగినందుకు దూరం తగ్గి అధికారిక ఫలితాల్లో చోటు దక్కలేదంతే!

కోపిష్టి గుర్రం

ఇక సినిమాలో హీరో నడిపిన కారు... పోర్షే 917. నిజానికి ఆ సినిమాకి అసలు హీరో అదే!

1969లో జర్మనీ కంపెనీ పోర్షే ఈ కారుని తయారు చేసింది. దీని వెనకున్న మొండిఘటం ఫెర్డినాండ్ పీయెక్. ఇంజను రూపకర్త హాన్స్ మెట్స్‌గర్. పోటీకి అనుమతి కావాలంటే 25 కార్లు తయారు చేసి చూపించాలని రూలు. ఒకటీ రెండూ చేయడానికే నానా తంటాలు పడే రోజులు. ఆఫీసులో పనిచేసే వాళ్లు కూడా వచ్చి కార్లు బిగించడంలో తలో చెయ్యీ వేశారంటారు. చివరికి 1969 ఏప్రిల్‌లో 25 కార్లనీ వరసగా నిలబెట్టి చూపించారు!

ఆ కారులో ఏముందో కాస్త చూద్దాం. మనకి బాగా తెలిసిన పాత అంబాసిడర్‌తో పోల్చుకుంటే సులువుగా అర్థమవుతుంది. అంబాసిడర్ బరువు సుమారు 1100 కిలోలు. ఇంజను బలం దాదాపు 50 హార్స్ పవర్. అంటే ఒక్కో గుర్రం 22 కిలోలు లాగాలి. పోర్షే 917 బరువు 800 కిలోలే. ఇంజనుకి 12 సిలిండర్లు. బలం మొదట్లోనే 500 హార్స్ పవర్ దాటింది. అంటే ఒక్కో గుర్రం లాగాల్సింది కిలోన్నర! మరి ఎగిరి దూకదూ?

బరువు తగ్గించడానికి వాళ్లు పడ్డ పాట్లు చూస్తే మతిపోతుంది. కారు లోపలి చట్రం అల్యూమినియం గొట్టాలతో అల్లారు. దాని బరువు 50 కిలోల లోపే. పైన తొడుగు ఫైబర్ గ్లాసు. గేరు రాడ్డు చివరి గుండు బాల్సా చెక్కతో చేశారు, గ్రాముల లెక్కన ఆదా కోసం! ఆ గొట్టాల్లో ఎక్కడైనా పగులొచ్చిందేమో తెలుసుకోవడానికి లోపల గ్యాసు నింపి మీటరు పెట్టారు. మీటరు ముల్లు పడిపోయిందంటే చట్రం చిట్లినట్టే. కారు ఎత్తు మీటరు కూడా లేదు. డ్రైవరు దాదాపు పడుకుని నడపాలి. అతని పాదాలు ముందు చక్రాల కంటే ముందుకుంటాయి. ఎదురుగా ఏదైనా తగిలితే మొదట తగిలేది కాళ్లకే! ఈ మాట గుర్తుంచుకోండి, మళ్లీ అవసరం పడుతుంది.

బెల్టు పెట్టుకున్నవాడు, పెట్టుకోనివాడు

ఇంత బలం ఉన్న కారు కదా, గెలిచేసి ఉంటుందనుకుంటున్నారా? అదేం లేదు! 300 దాటగానే వెనక భాగం అటూ ఇటూ ఊగేది. తిన్నటి రోడ్డు మీద కూడా స్టీరింగుతో కుస్తీయే. కంపెనీ డ్రైవర్లే కొందరు దాన్ని నడపడానికి జంకారు.

1969 లెమాన్స్‌లో జాన్ వుల్ఫ్ అనే ఇంగ్లీషు డ్రైవరు సొంతంగా ఒక 917 కొని పోటీకి దిగాడు. ఆ రోజుల్లో రేసు మొదలుపెట్టే పద్ధతి మహా వేడుకగా ఉండేది. కార్లన్నీ రోడ్డుకి ఓ పక్క, డ్రైవర్లు ఇంకో పక్క. జెండా ఊపగానే పరుగెత్తుకెళ్లి కారెక్కి దూసుకుపోవాలి. సీటు బెల్టు పెట్టుకునే తీరిక ఎవరికి? వుల్ఫ్ బెల్టు బిగించుకోకుండానే బయలుదేరాడంటారు. మొదటి చుట్టు పూర్తి కాకుండానే కారు అదుపు తప్పింది. అతను బయటికి విసిరేయబడ్డాడు. ప్రాణం పోయింది.

అదే రేసులో జాకీ ఐక్స్ అనే 24 ఏళ్ల బెల్జియం కుర్రాడు ఏం చేశాడో తెలుసా? ఈ పరుగు పద్ధతి ప్రమాదమని నిరసనగా, అందరూ పరుగెత్తుతుంటే తాపీగా నడుచుకుంటూ వెళ్లాడు! కారెక్కి, బెల్టు శుభ్రంగా బిగించుకుని, అందరికంటే చివర బయలుదేరాడు. 24 గంటల తర్వాత గెలిచింది అతనే, ఫోర్డ్ జీటీ 40 కారులో! రెండో కారుకీ అతనికీ తేడా 120 మీటర్లు మాత్రమే. ఆ మరుసటి ఏడే పరుగు పద్ధతి ఎత్తేసి, డ్రైవర్లను బెల్టులతో సహా కార్లలో కూర్చోబెట్టారు.

దోమలు చెప్పిన పాఠం

మరి 917 ఎలా దారికొచ్చింది? ఇది వింటే ముక్కున వేలేసుకుంటారు.

ముందు గాలి సంగతి చూద్దాం. ఆర్టీసీ బస్సులో 'చేతులు బయట పెట్టరాదు' అని రాసి ఉన్నా చిన్నప్పుడు పెట్టని వాళ్లెవరు? అరచెయ్యి బల్లపరుపుగా పెడితే గాలి కోసుకుపోతుంది. ముందు అంచు కాస్త పైకెత్తితే చెయ్యి అమాంతం పైకి లేస్తుంది. కిందికి వంచితే కిందికి నొక్కుతుంది. కారుకీ అంతే! వేగం రెండింతలైతే గాలి అడ్డు నాలుగింతలు. దాన్ని తట్టుకుని పోవడానికి కావలసిన ఇంజను బలం ఎనిమిదింతలు! అందుకే మొదటి 917ని గాలికి అడ్డు తక్కువగా, వెనక పొడవాటి తోకతో నున్నగా చేశారు. తిన్నటి రోడ్డు మీద వేగం వచ్చింది. కానీ ఆ వేగంలో వెనక చక్రాలను నేలకి నొక్కే బలం లేకపోయింది. చక్రం నేలను గట్టిగా పట్టుకోకపోతే 500 గుర్రాలూ వృథా!

1969 అక్టోబర్‌లో ఆస్ట్రియాలోని జెల్ట్‌వెగ్‌లో కారుని పరీక్షిస్తున్నారు. జాన్ వయర్ అనే పేరుమోసిన మేనేజరు జట్టు కూడా అక్కడే ఉంది. అందులో ఇంజనీరు జాన్ హోర్స్‌మన్. నడిచొచ్చిన కారుని పరిశీలనగా చూశాడు. ముందు భాగమంతా దోమలు, చిన్న పురుగులు గుద్దుకుని చచ్చి అంటుకుని ఉన్నాయి. వెనక తోక మీద రెక్కలు మాత్రం శుభ్రంగా ఉన్నాయి, ఒక్క దోమ లేదు!

దోమ తగల్లేదంటే గాలి తగల్లేదన్నమాట. గాలి తగలకపోతే ఆ రెక్కలు దేన్ని నొక్కుతాయి? అదీ సంగతి!

వెంటనే అల్యూమినియం రేకు తెచ్చి, కత్తిరించి, తోకని కురచగా, పైకి లేచినట్టు అతికించారు. చూడ్డానికి మన షెడ్డులో చేసిన రిపేరులాగే ఉంది. కానీ డ్రైవరు నాలుగైదు చుట్లు తిరిగొచ్చేసరికి మొహం వెలిగిపోతోంది. కారు కుదురుకుంది! తిన్నటి రోడ్డు మీద కాస్త వేగం తగ్గినా మలుపుల్లో అంతకంత లాభం.

పాఠకులారా, వేగం రహస్యం ఇదే. వేగమంటే ఇంజను ఒక్కటే కాదు. బరువు తక్కువుండాలి, టైరు నేలను పట్టుకోవాలి, గాలి కారుని నేలకి నొక్కాలి. అన్నిటికీ మించి బ్రేకు! 300లో పోయే కారుని ఆపడమంటే 60లో పోయే అదే కారుని ఆపడానికి 25 రెట్ల పని. ఆగుతుందన్న ధీమా ఉన్నవాడే ఆఖరి క్షణం దాకా తొక్కగలడు.

1970లో వాన ముంచెత్తిన లెమాన్స్‌లో 917 గెలిచింది. పోర్షేకి అక్కడ అదే మొదటి పూర్తి విజయం. నడిపినవాళ్లు హాన్స్ హెర్మన్, రిచర్డ్ ఆట్‌వుడ్. ఆ ముందటేడు 120 మీటర్ల తేడాతో ఓడిన జోడీలో ఒకడు ఈ హెర్మనే! గెలిస్తే రేసులు మానేస్తానని భార్యకి మాటిచ్చాడట. గెలిచాడు, మానేశాడు. 1971లో ఇంకో 917 ఒక్క రోజులో 5,335 కిలోమీటర్లు పరుగెత్తింది. హైదరాబాదు నుంచి ఢిల్లీ వెళ్లి, తిరిగొచ్చి, మళ్లీ ఢిల్లీ చేరినా ఇంకా మిగిలే దూరం! ఆ రికార్డు 2010 దాకా చెక్కు చెదరలేదు.

సినిమాకి బలైన కాలు

రేసు అయిపోయాక సినిమా షూటింగు నెలల తరబడి సాగింది. పూర్తి స్క్రిప్టు లేకుండానే మొదలుపెట్టారు. 'ది గ్రేట్ ఎస్కేప్' తీసిన దర్శకుడు జాన్ స్టర్జెస్ విసిగి వెళ్లిపోయాడు. లీ కట్జిన్ వచ్చి పూర్తి చేశాడు. తన కార్లు ఓడిపోయే కథకి కార్లిచ్చేది లేదని ఎంజో ఫెరారీ మొండికేశాడంటారు. వాటిని వేరే చోటి నుంచి తెచ్చుకున్నారు.

కార్లు ధ్వంసమయ్యే దృశ్యాలకు పాత లోలా కార్లకు ఫెరారీ, పోర్షే తొడుగులు తొడిగి, లోపల మనిషి లేకుండా రేడియోతో నడిపారు. కానీ మిగతా షాట్లలో మనుషులున్నారు, అసలు వేగమూ ఉంది. ఒక రోజు డేవిడ్ పైపర్ అనే డ్రైవరు 917 నడుపుతుంటే కారు అదుపు తప్పి రెండు ముక్కలైంది. పాదాలు ముందు చక్రాల కంటే ముందుంటాయని ఇందాక అనుకున్నాం చూడండి... పైపర్ కుడి కాలు మోకాలి కింద తీసేయాల్సి వచ్చింది. సినిమా చివర పేర్లలో అతని త్యాగానికి ప్రత్యేకంగా కృతజ్ఞతలు కనిపిస్తాయి. అయినా పైపర్ కుంగిపోలేదు. కోలుకున్నాక మళ్లీ కార్లు నడిపాడు!

ఇంత చేసి తీసిన సినిమా ఆడిందా? లేదు. మొదటి అరగంట దాటినా పాత్రల మధ్య మాటల్లేవు. పైగా హీరో గెలవడు! మధ్యలో కారు పోగొట్టుకుని, ఇంకో కారెక్కి, పోటీ ఫెరారీని అడ్డుకుని, తన జట్టు వాణ్ణి గెలిపించి తను రెండో స్థానంలో వస్తాడు. మన దగ్గర ఇలా తీస్తే కుర్చీలు మిగులుతాయా అనుకోకండి, అక్కడా జనం పెదవి విరిచారు. మెక్‌క్వీన్ 1980లో, 50 ఏళ్లకే కన్నుమూశాడు. కానీ కాలం గడిచేకొద్దీ ఆ సినిమాకి విలువ పెరిగింది. ఆ కార్ల రొద, ఆ వేగం తెర మీద అంత నిజంగా ఇంకెక్కడా లేవని అభిమానులు ఇప్పటికీ వెతుక్కుని చూస్తారు.

చివరికో మాట

సినిమా చూసి బయటికి రాగానే బైకు స్టాండు తీసి హీరోలా మెలికలు తిప్పే తమ్ముళ్లు మనలో బోలెడుమంది. వాళ్లకో కబురు.

1969లో గెలిచిన జాకీ ఐక్స్, మరుసటి రోజు సోమవారం తన పోర్షే కారులో మామూలు రోడ్డు మీద వెళుతున్నాడు. రేసు లేదు, జెండా లేదు, చప్పట్లు కొట్టే జనం లేరు. ఫ్రాన్సులోనే షార్ట్ర్ ఊరి దగ్గర ఉన్నట్టుండి ఇంకో కారు అడ్డం వచ్చింది. ఐక్స్ కారు వెళ్లి స్తంభానికి కొట్టుకుని నుజ్జయింది. అతను మాత్రం బెల్టు విప్పుకుని, గీత కూడా పడకుండా దిగి నడుచుకుంటూ వెళ్లాడు.

రేసులో అందరికంటే చివర బయలుదేరి గెలిచినవాడి అలవాటది. ఇంటికి చేర్చింది కూడా అదే!